ఎవరి వాసనా లేని నీలి

రెండువేల పంతొమ్మిదో సంవత్సరం, జులై పద్నాలుగు, ఆదివారం. తెల్లారినప్పటినుంచి ఒకటే ముసురు. ఉరుము లేదు, మెరుపు లేదు. ఆకాశం తడిసిన గోనెపట్టాలా వేలాడుతోంది.

అనగనగా కథకి తేదీ ఏమిటి తాతా అంటారేమో. మామూలు అడవిలో ఏ జంతువు ఏ రోజు పుట్టిందో ఎవరూ రాసిపెట్టరు. నేను చెప్పబోయే అడవిలో రాస్తారు. గుమ్మానికి చీటీ కట్టి మరీ రాస్తారు. అందుకని నాకు తెలిసింది.

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక్క చెట్టు లేదు. వరసగా ఇనుప చట్రాలున్నాయి. కొమ్మకి కాయలు కాసినట్టు, ఒక్కో చట్రానికి బోలెడన్ని పంజరాలు. పంజరానికి నలుగురైదుగురు ఎలుకలు. ఊరి చివర ఒక పరిశోధనాలయం ఉంది. అందులో కిటికీలు లేని గది అది. బయట ముసురు పట్టిందని చెప్పాను కదా. ఆ సంగతి లోపల ఒక్క ఎలుకకీ తెలియదు. అక్కడ ఎండాకాలం లేదు, వానాకాలం లేదు. గోడమీది యంత్రం ఎంత చల్లగా ఉండమంటే గది అంత చల్లగా ఉంటుంది. చినుకంటే ఏమిటో ఎరగకుండా ఎన్నో తరాలు గడిచిపోయాయక్కడ.

ఆ అడవిలో మూడు వంశాలు కాపురం ఉన్నాయి. ఒళ్లంతా తెల్లగా ఉండేవి తెల్లవాళ్లు. తలమీద నల్లటి ముసుగు వేసుకున్నట్టుండేవి ముసుగువాళ్లు. గోధుమరంగువి గోధుమవాళ్లు.

మనం పెళ్లిమాట రాగానే ముందు గోత్రం అడుగుతాం. గోత్రం ఒకటైతే ఆ సంబంధం వదిలేస్తాం. అక్కడ అంతా తలకిందులు. అన్నకి చెల్లెల్నే జతకడతారు. తరతరాలుగా అలా కట్టగా కట్టగా, ఒక వంశంలోని ఎలుకలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు తయారవుతాయి. పరిశోధనకి అలాంటివే కావాలట. ఒకదానికి మందిచ్చి, ఇంకోదానికి ఇవ్వకుండా చూస్తారు. తేడా వస్తే అది మందువల్లే వచ్చింది, పుట్టుకవల్ల కాదు అని తేలుతుంది. సరే, కథ వదిలి ఎటో పోతున్నాను.

ఎలుకలకి చూపు తక్కువ. ముక్కే వాటికి కళ్లు. "నువ్వెవరు?" అని నోటితో అడగవు. దగ్గరికొచ్చి వాసన చూస్తాయి. తమ వంశం వాసన తగిలితే పక్కలో చోటిస్తాయి. పడుకునేటప్పుడు ఒకదానిమీద ఒకటి కుప్పగా పడుకుంటాయి. ఎలుకకి ఇల్లంటే ఆ కుప్పే.

గుమ్మం పక్కన, అన్నిటికన్నా కింది అరలో, ఒక ముసలి ఎలుక మాత్రం ఒంటరిగా ఉండేది. దాని పేరు తవిటమ్మ. పూర్వం పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, బతికిన పిల్లని తవుడికి అమ్మి తిరిగి తెచ్చుకున్నట్టు తంతు జరిపి, తవిటమ్మ, తవిటయ్య అని పేరు పెట్టేవారు. ఇది తవుడంత విలువే చేస్తుందిలే అనుకుని మృత్యువు వదిలేస్తుందని వాళ్ల ఆశ. పంజరాలు శుభ్రం చేసే ఇస్రాయేలు వాళ్ల నాయనమ్మ పేరు అదే. నవ్వుతూ ముసలి ఎలుకకి పెట్టాడు.

తవిటమ్మ కాపలా ఎలుక. కాపలా అంటే కర్ర పట్టుకుని తిరగడం కాదు. పంజరాల్లో రంపపు పొట్టు పరుస్తారు. సోమవారం సోమవారం ఇస్రాయేలు ఆ పాత పొట్టు తీసేసేటప్పుడు, ప్రతి పంజరంనుంచీ ఒక చిటికెడు తెచ్చి తవిటమ్మ ముందు పోసేవాడు. ఎవరికి జబ్బు ఉన్నా ఆ పొట్టులోంచి ముందు తవిటమ్మకే అంటుకోవాలి. తవిటమ్మని చూసి జబ్బు వచ్చిందని మనుషులు తెలుసుకోవాలి. అదీ దాని ఉద్యోగం.

అందుకని తవిటమ్మకి గదిలో అందరూ తెలుసు. ఎవరికి పిల్లలు పుట్టారు, ఎవరు తిండి మానేశారు, ఎవరికి దిగులు పట్టింది, అన్నీ పొట్టులోనే చదువుకునేది. ఒక్కరిని కూడా కలిసింది లేదు. అందరి వాసనా దానికి అంటుకుని ఉండటంవల్ల ఏ వంశమూ దాన్ని తనదనుకోలేదు.

"ఒసేవ్ చెత్తకుండీ! ఇవాళ మా ఇంటి చెత్త రుచి ఎలా ఉందే?" అని పై అర తెల్లవాళ్లు అరిచేవాళ్లు.

"బానే ఉందమ్మా! మీ రెండోదానికి అజీర్తి చేసినట్టుంది. ఆ గింజలు కాస్త తగ్గించి తినమను" అనేది తవిటమ్మ.

పై అరలో గింజల చప్పుడు ఆగింది. తర్వాత రెండోదాని గొంతు, "నీకెవరు చెప్పారే ముదనష్టపుదానా!" అని.

తవిటమ్మ నవ్వుకునేది. తిట్టినా ఒక గొంతు వినపడిందని దాని సంబరం.

ఇక ఆ ముసురు ఆదివారం సంగతి. తెల్లవాళ్లలో ఒక తల్లికి ఆ రోజు నలుగురు ఆడపిల్లలు పుట్టారు. మామూలు పుట్టుక కాదు. కుముదిని అనే డాక్టరమ్మ చేతిమీదుగా జరిగిన పుట్టుక.

మీ అమ్మ వాకిట్లో చుక్కల ముగ్గు పెట్టడం చూశారు కదా. ముందు చుక్కలు పెడుతుంది. తర్వాత వాటి చుట్టూ గీత తిప్పుతుంది. ప్రతి ప్రాణి ఒంట్లోనూ కంటికి కనపడని అలాంటి చుక్కలు వేలకొద్దీ ఉంటాయి. వాటి ప్రకారమే ముక్కు, తోక, రంగు, వాసన ఏర్పడతాయి. వాటినే జన్యువులంటారు. ఒక చుక్క చెరిపేస్తే గీత దారి మారిపోతుంది. ఇప్పుడు మనుషులు ఏ చుక్క కావాలంటే ఆ చుక్కని కత్తిరించగలరు. ఒక ఎలుక ఇంకో ఎలుకని తనదని ఎలా గుర్తుపడుతుందో కుముదినికి తెలుసుకోవాలని ఉంది. అందుకని, ఆ పిల్లలు ఇంకా పిండాలుగా ఉన్నప్పుడే వాసన తాలూకు చుక్క కత్తిరించి చూసింది. ముగ్గురిలో కత్తెర పడలేదు. ఒక్కదానిలో పడింది.

తల్లి పిల్లల్ని వాసన చూసి, ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని గూట్లోకి చేర్చింది. ముగ్గుర్ని చేర్చింది. నాలుగోదాని మీంచి నడిచిపోయింది. కోపంతో కాదు. అక్కడ ఎవరూ లేరనుకుంది.

ఇస్రాయేలు చూసి, వేలితో ఆ పిల్లని తల్లి రొమ్ము దగ్గరికి జరిపాడు. పాలు దొరికాయి. అలా బతికింది. గుర్తుకోసం దాని తోకమీద నీలిసిరాతో గీత పెట్టారు. అందుకని నీలి అయింది.

నీలి పెరిగింది. అక్కచెల్లెళ్లు కుప్పగా పడుకుంటే అంచున చేరేది.

"ఎవరే నన్ను తోస్తోంది?" అనేది ఒకతె.

"నేనక్కా, నీలిని."

"ఎవరో మాట్లాడుతున్నారే!"

"ఎవరూ లేరు. పడుకో. కలగన్నావు" అనేది ఇంకొకతె.

చీకట్లో ముక్కుకి తెలియని ఒళ్లు తగిలితే ఎలుక భయపడుతుంది. భయపడితే కరుస్తుంది. నీలి చెవులు రెండూ గాట్లు పడ్డాయి. కుముదిని చూసి, "దీన్ని విడిగా పెట్టు ఇస్రాయేలూ" అంది. ఖాళీ చోటు కింది అరలోనే ఉంది. నీలి పంజరాన్ని తవిటమ్మ పంజరానికి ఆనించి పెట్టాడు. రెండిటి మధ్యా తీగెల గోడ.

నీలి ఒక మూల ముడుచుకుంది. తనని ఎవరూ పలకరించరని దానికి అలవాటైపోయింది.

"వచ్చావా బిడ్డా?" అంది పక్క పంజరం.

నీలి ఉలిక్కిపడింది. "నాతోనేనా?"

"నీతోనే. ఇక్కడ ఇంకెవరున్నారు?"

"నేనున్నట్టు నీకెలా తెలిసింది? నాకు వాసన లేదుగా!"

"అదే కదా నీ గుర్తు" అంది తవిటమ్మ. "సోమవారం సోమవారం నా ముందు పడే చిటికెల్లో ఒకదాంట్లో, ముగ్గురి వాసన మధ్య ఒక ఖాళీ ఉండేది. ఎవరో పడుకున్న గుంట. పడుకున్నవాళ్లు మాత్రం లేరు. ఎవరో ఉన్నారు, పాపం తమ పేరు చెప్పుకోలేకపోతున్నారు అనుకున్నాను. ఆ ఖాళీ కోసం ప్రతి వారం వెతుక్కునేదాన్ని. ఇవాళ ఆ ఖాళీ నా పక్కకే వచ్చింది."

నీలి లేచింది. తీగెల దగ్గరికి జరిగి కూర్చుంది. తవిటమ్మ కూడా జరిగింది. తీగెలు చల్లగా ఉన్నాయి. వాటి వెనక ఒళ్లు వెచ్చగా ఉంది.

అక్కడితో ఆగి ఉంటే కథ లేదు. నీలికి కుప్ప కావాలి. పై అరల్లో అందరూ కలిసి పడుకున్న చప్పుడు వింటే ముక్కు పైకెత్తి అలాగే ఉండిపోయేది. ఒకరోజు అడిగింది.

"అవ్వా, నీ దగ్గర అందరి పొట్టూ ఉంది కదా. కాస్త నాకు పెట్టవూ? ఒంటికి రాసుకుంటాను. అప్పుడు నన్ను రానిస్తారు."

"ఎరువు సొమ్ము బరువు చేటు అన్నారు పెద్దలు. అడిగి తెచ్చుకున్న నగ మెడకి బరువే తప్ప అందం కాదే పిల్లా."

"నీకేం! ఉన్నదానివి. ఎన్నైనా చెప్తావు."

 నీలి అడిగిన పొట్టు తవిటమ్మ తీగెల సందులోంచి ముక్కుతో తోసింది.

మర్నాడు నీలిని ముసుగువాళ్ల పంజరంలో పెట్టి చూశారు. ఆ మాట ముందురోజే విని, నీలి అప్పటికే ముసుగువాళ్ల పొట్టులో పొర్లి ఉంది.

"ఓరి! మన మేనత్త కూతురులా ఉందే! రావే, రా! ఇంత చిక్కిపోయావేమే, మీ ఇంట్లో తిండి పెట్టరా?" అన్నాయవి. చోటిచ్చాయి. ఒక పూట గడిచింది. పొట్టు రాలిపోయింది. "ఎవర్రా ఇది, మన మధ్య!" అని ఒకటి కెవ్వుమంది. నీలి ముక్కుమీద గాటుతో తిరిగొచ్చింది.

రెండోసారి గోధుమవాళ్లు. ఈసారి పొట్టు మరీ దట్టంగా రాసుకుంది. రెండు పూటలు గడిచాయి. మళ్లీ అదే కేక. ఈసారి తోక చివర పోయింది.

"ఇక చాలమ్మా. నా పక్కన తీగెకి ఆనుకుని పడుకో" అంది తవిటమ్మ.

"తీగెకి ఆనుకుంటే ఎవరికి నిద్ర పడుతుందవ్వా?" అని నీలి అటు తిరిగి పడుకుంది.

ఆ వారమే కుముదిని, ఇస్రాయేలు వాళ్ల పంజరాల ముందు నిలబడి మాట్లాడుకున్నారు.

"రేపు మూడు గదుల పెట్టె పెడదాం. నడిమి గదిలో ఇది. ఒక పక్క గదిలో దీని అక్కచెల్లెళ్లు. ఇంకో పక్క వేరే ఎలుక. ఏ వైపు వెళ్తుందో చూద్దాం" అంది కుముదిని.

"వేరేది అంటే కాపలాదాన్నే పెట్టండమ్మా. దాని గడువు ఎటూ అయిపోయింది. రేపు కోతగదికి పంపాల్సిందే."

కోతగది అంటే, గడువు తీరిన కాపలా ఎలుకని కోసి, లోపల ఏ జబ్బు దాగి ఉందో చూసే గది. అక్కడికి వెళ్లింది తిరిగి రాదు.

"సరే. ఇది దాని వైపు వెళ్తే ఆ రెండిటినీ ఒకే పంజరంలో ఉంచేద్దాం. ఒంటరిగా ఉండి ఇది చిక్కి సగమైంది, చూడు. అక్కచెల్లెళ్ల వైపు వెళ్తే అక్కడే వదిలేద్దాం. అక్కడా కుదరకపోతే ఇక ఎప్పటికీ ఒంటి పంజరమే. ఎన్నిసార్లని కరిపిస్తాం?"

"అక్కచెల్లెళ్ల వైపు వెళ్తే మరి ముసలిది?"

"ఏముంది, మామూలు పద్ధతే" అంది కుముదిని మెల్లిగా.

నీలి ఆ మాటల్లో "అక్కచెల్లెళ్లు" అన్నంతవరకే విన్నది. ఆ తర్వాత దాని చెవులకి ఇంకేమీ ఎక్కలేదు. తవిటమ్మ అంతా విన్నది.

"అవ్వా! అవ్వా! మా వాళ్ల దగ్గరికే! తెల్లవాళ్ల పొట్టు ఉందా నీ దగ్గర? మంచిది, గట్టి వాసన ఉన్నది పెట్టవ్వా!"

తవిటమ్మ తీగెకి మూతి ఆనించింది. చెప్పేస్తే? నువ్వు రాకపోతే నేను చస్తానే అని ఒక్క మాట చెప్పేస్తే? జాలిపడి వస్తుంది. జాలికి వచ్చిన ఒళ్లు పక్కన పడుకున్నా చలి పోదు. ముసలిది లేచి, పొట్టంతా వెతికి, తెల్లవాళ్లు పడుకునే చోటునుంచి వచ్చిన మెత్తటి చిటికెడు ఏరి, తీగెల సందులోంచి తోసింది.

"వీపు మీద సరిగా అంటలేదు. ఇటు తిరుగు" అంది. నీలి తిరిగింది. తవిటమ్మ సందులోంచి మూతి పెట్టి దాని వీపు నిండా అద్దింది.

మర్నాడు పొద్దున పెట్టె. ఒక వైపు అక్కచెల్లెళ్లు. ఒక వైపు తవిటమ్మ. నడిమి గదిలో నీలి. రెండు వైపులా చిన్న వాకిళ్లు తెరిచారు. ఈసారి తీగెల గోడ లేదు.

"ఎవరే అది? మన వాసనే!" అన్నారు అక్కచెల్లెళ్లు. "రావే, ఇంకా అక్కడే నిలబడ్డావేం? పెళ్లికూతురివా, చేయి పట్టి తీసుకురావాలా!"

"నీలీ" అంది తవిటమ్మ. 

నీలి రెండడుగులు తవిటమ్మ వైపు వేసింది. వాకిట్లో ఆగిపోయింది.

"నువ్వెందుకొచ్చావవ్వా ఇక్కడికి?"

"తెచ్చారు, వచ్చాను."

"నీ దగ్గరికొస్తే అందరి వాసనా నాకు అంటుకుంటుంది. అప్పుడు వీళ్లు నన్ను చెత్తకుండీ అంటారు. నేను... సాయంత్రం వచ్చి కనపడతాలే. ఏమీ అనుకోవుగా?"

"ఏమనుకుంటాను తల్లీ! వెళ్లు."

"సాయంత్రం ఉంటావుగా?"

"ఎక్కడికి పోతాను? నాకేమన్నా ఊళ్లున్నాయా, చుట్టాలున్నారా?" అంది తవిటమ్మ.

నీలి వెనక్కి తిరిగి పరుగెత్తింది.

అక్కచెల్లెళ్లు దాన్ని మధ్యలోకి లాక్కున్నారు. కుప్ప మధ్య! కిందా పైనా చుట్టూరా వెచ్చటి ఒళ్లు. నీలి కళ్లు మూసుకుంది. ప్రేమ పుట్టిన ఎలుకలు ఏం చేస్తాయో తెలుసా? ఒకదాన్నొకటి నాకి శుభ్రం చేస్తాయి. పెద్దక్క వీపు నాకింది. చిన్నక్క మెడ నాకింది. మూడోది చెవుల గాట్లు నాకింది. ఒక్కో ముద్దుకీ కాస్త కాస్త పొట్టు వాసన పోతోంది. నీలికి అది తెలుస్తోంది. "చాలక్కా, చాలు" అంటోంది. "ఉండవే, ఎంత మురికిగా ఉన్నావో!" అంటున్నారు వాళ్లు. అంత బాగా ఎవరూ దాన్ని అంతకు ముందు చూసుకోలేదు. ఆపమని గట్టిగా చెప్పడానికి దానికి మనసు రాలేదు.

చివరి ముద్దు అయ్యేసరికి అక్కడ ఎవరూ లేరు.

"ఎవర్రా ఇది!" అని పెద్దక్క కెవ్వుమంది.

ఇస్రాయేలు చేయి పెట్టి లాగకపోతే ప్రాణం పోయేదే. "ఇక దీని రాత ఇంతేనమ్మా" అంటూ నీలిని తెచ్చి కింది అరలో దాని పాత పంజరంలో వదిలాడు.

నీలి తీగెల దగ్గరికి కుంటుకుంటూ వెళ్లింది. "అవ్వా, వచ్చేశాను. నువ్వన్నదే నిజమైంది" అంది.

పక్క పంజరం కడిగి ఉంది. కొత్త పొట్టు పరిచి ఉంది. అందులో ఒక కుర్ర ఎలుక, కొత్త కాపలాది, గింజ కొరుకుతోంది.

"అవ్వ ఏదీ?" అంది నీలి.

కుర్ర ఎలుక ముక్కు ఎత్తి అటూ ఇటూ వాసన చూసింది. "ఎవరో మాట్లాడినట్టుందే" అనుకుని మళ్లీ గింజ కొరుక్కుంది.

నీలి ఆ రోజంతా పిలుస్తూనే ఉంది. కోతగది ఆ గదికి దూరం. అక్కడికి ఏ పిలుపూ వినపడదు.

కొన్నాళ్లకి కుముదిని దాన్ని ఒక గోధుమవాడితో జతకట్టింది. వాడు ముసలివాడు, ముక్కు ఏనాడో మూసుకుపోయింది. అందుకని పేచీ రాలేదు. పిల్లలు పుట్టాయి. పెరిగాక వాటినీ తీసుకుపోయి వేరే పంజరాల్లో పెట్టారు.

ఇక ఎవరికి ఏం దక్కిందో చెప్పి ముగిస్తాను. నీలి పిల్లలకి తండ్రినుంచి గోధుమరంగు వచ్చింది, మంచి వాసనా వచ్చింది. తల్లినుంచి చెరిగిపోయిన చుక్క ఒకటి వచ్చింది. అది వాటి ఒంట్లో బయటపడకుండా దాగి ఉంది. పై అర అక్కచెల్లెళ్లకి వాళ్ల అమ్మమ్మల తెలుపు, ఆ తెలుపు తాలూకు గర్వం దక్కాయి. తవిటమ్మ పంజరం, నీళ్ల సీసా, కొరుక్కునే చెక్కముక్క కొత్త కాపలా ఎలుకకి వెళ్లాయి. తవిటమ్మ పాత పొట్టు సంచిలోకి, సంచి కాల్చే పొయ్యిలోకి వెళ్లాయి.

నీలికి ఏమీ దక్కలేదు. ఒక్క చిటికెడు పొట్టు మిగిలినా వాసన చూసుకుందామని ఆ తీగెల సందులన్నీ ముక్కు పెట్టి వెతికింది. ఒక మూల నాలుగు రవ్వలు దొరికాయి. వాటిలో తెల్లవాళ్లున్నారు, ముసుగువాళ్లున్నారు, గోధుమవాళ్లున్నారు. అందరి వాసనల కింద తవిటమ్మకి తనదంటూ ఒక వాసన ఉండే ఉంటుంది కదా. అది ఏదో నీలికి తెలియలేదు. ఆ ముసలిది పక్కనున్నన్నాళ్లూ నీలి ఒక్కసారైనా దాన్ని వాసన చూడలేదు.

నీతి: మనలో ఏమీ లేనప్పుడే మనల్ని గుర్తుపట్టినవారిని, ఏదో ఉందనుకుని చేరదీసేవారి కోసం వదులుకోకూడదు.